కాలేయ పునరుత్పత్తిలో మూలకణాలు, పైత్యరస నాళికలు

కాలేయ పునరుత్పత్తి అనగా వ్యాధి వలన గాని, గాయం వలన గాని, శస్త్రచికిత్స వలన గాని కోల్పోయిన భాగాన్ని కాలేయం తిరిగి సమకూర్చుకొనే ప్రక్రియ. మానవ శరీరంలోని పెద్ద అంతర్గత అవయవాలలో ఈ శక్తి ఇంత అధికంగా ఉన్నది కాలేయానికే. పునరుత్పత్తి ప్రధానంగా రెండు మార్గాలలో జరుగుతుంది. మొదటిది, మిగిలి ఉన్న ఆరోగ్యవంతమైన కాలేయ కణాలు విభజన చెందడం. రెండవది, ఆ కణాలు విభజన శక్తిని కోల్పోయినప్పుడు పైత్యరస నాళికల ప్రాంతం నుండి కొత్త కణాలు పుట్టుకురావడం. రెండవ మార్గంలో సూక్ష్మదర్శిని క్రింద కనిపించే మార్పును నాళిక ప్రతిచర్య (డక్టులార్ రియాక్షన్) అంటారు.

మూలకణాలతో కాలేయాన్ని బాగు చేయవచ్చుననే ఆశకు ఆధారం ఈ రెండవ మార్గమే. అయితే ఇది మొదటి మార్గానికి సమానమైన ప్రత్యామ్నాయం కాదు. ఎక్కువగా వ్యాధి ముదిరిన కాలేయంలోనే కనిపిస్తుంది, నెమ్మదిగా సాగుతుంది, చాలా సందర్భాలలో కాలేయంలో మచ్చ పెరగడంతో ముడిపడి ఉంటుంది. ఏ కామెర్లు వాటంతట అవే తగ్గుతాయి, ఏవి తగ్గవు అన్నది తెలియాలంటే ఈ తేడాను గుర్తించడం అవసరం.

కాలేయ నిర్మాణం

పెద్దవారిలో కాలేయం బరువు సుమారు 1.2 నుండి 1.5 కిలోగ్రాములు. ఇది శరీర బరువులో దాదాపు 2 శాతం. నిమిషానికి ఇంచుమించు ఒకటిన్నర లీటర్ల రక్తం దీని గుండా ప్రవహిస్తుంది. అందులో నాలుగింట మూడు వంతులు జీర్ణాశయం, పేగుల నుండి కాలేయ నిర్వాహక సిర ద్వారా వస్తుంది. మిగిలినది కాలేయ ధమని ద్వారా వస్తుంది.

కాలేయపు ఘనపరిమాణంలో సుమారు 80 శాతం హెపటోసైట్లు అనే ప్రధాన కాలేయ కణాలదే. రక్తంలోని ప్రోటీన్ల తయారీ, గ్లూకోజు నిల్వ, మందులను, విషపదార్థాలను నిర్వీర్యం చేయడం, పైత్యరసాన్ని తయారు చేయడం వీటి పనులు. పైత్యరస నాళాల లోపలి గోడను కప్పి ఉంచే కణాలను కోలాంజియోసైట్లు అంటారు. కాలేయ కణాలన్నిటిలో వీటి వాటా 3 నుండి 5 శాతం మాత్రమే.

హెపటోసైట్లు తయారు చేసిన పైత్యరసం మొదట వాటి మధ్య ఉండే అతి సన్నని సూక్ష్మకాలువలలోకి చేరుతుంది. అక్కడి నుండి హెరింగ్ కాలువ అనే భాగంలోకి, తరువాత నాళికలలోకి, ఆపై క్రమంగా పెద్దవైన నాళాలలోకి ప్రవహిస్తుంది. చివరకు కుడి, ఎడమ కాలేయ నాళాలు కలిసి ఒకటై, పిత్తాశయం నుండి వచ్చే నాళంతో కూడి, చిన్నప్రేగు మొదటి భాగంలో తెరుచుకుంటాయి.

ఈ మార్గంలో హెరింగ్ కాలువకు ప్రత్యేక స్థానం ఉంది. దీని గోడలో ఒక ప్రక్క హెపటోసైట్లు, మరొక ప్రక్క కోలాంజియోసైట్లు ఉంటాయి. అనగా రెండు రకాల కణాలకు ఇది సరిహద్దు. జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త ఎవాల్డ్ హెరింగ్ 1860లలో దీనిని వర్ణించినందున ఆయన పేరు స్థిరపడింది.

ఈ రెండు రకాల కణాలు పిండదశలో ఒకే తల్లి కణం నుండి పుడతాయి. ఆ తల్లి కణాన్ని హెపటోబ్లాస్ట్ అంటారు. నిర్వాహక సిర కొమ్మల చుట్టూ చేరిన హెపటోబ్లాస్టులు నాళ కణాలుగా, మిగిలినవి హెపటోసైట్లుగా మారుతాయి. పెద్దయిన తరువాత కూడా అవసరం వచ్చినప్పుడు ఒక రకం కణం మరొక రకంగా మారగలగడానికి ఈ ఉమ్మడి పుట్టుకే కారణమని భావిస్తున్నారు.

ఆరోగ్యవంతమైన కాలేయంలో పునరుత్పత్తి

కాలేయ పునరుత్పత్తిపై ఆధునిక ప్రయోగాలకు పునాది 1931లో పడింది. ఆ సంవత్సరం హిగ్గిన్స్, ఆండర్సన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల కాలేయంలో మూడింట రెండు వంతులు తొలగించే పద్ధతిని వివరించారు. ఇలా చేసిన ఎలుకలలో మిగిలిన మూడవ వంతు వారం పది రోజులలో ఇంచుమించు పాత బరువుకు చేరుకుంటుంది.

ఈ పెరుగుదలకు మూలకణాల అవసరం లేదు. సాధారణంగా విశ్రాంతి స్థితిలో ఉండే హెపటోసైట్లే మేల్కొని విభజన చెందుతాయి. కాలేయం కోసిన కొద్దిసేపటికే ఇంటర్‌ల్యూకిన్-6, ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ వంటి సంకేత పదార్థాలు వాటిని విభజనకు సిద్ధం చేస్తాయి. తరువాత హెపటోసైట్ గ్రోత్ ఫ్యాక్టర్, ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్ అనే పెరుగుదల కారకాలు విభజనను నడిపిస్తాయి. ఎలుకలలో డి.ఎన్.ఏ. తయారీ 24 గంటల ప్రాంతంలో ఉచ్చస్థాయికి చేరుతుంది. కాలేయం శరీర అవసరానికి సరిపడా పరిమాణానికి చేరగానే పెరుగుదల ఆగిపోతుంది.

మనుషులలో ఈ శక్తికి ప్రత్యక్ష ఉదాహరణ సజీవదాత కాలేయ మార్పిడి. దాత కాలేయంలో సుమారు 60 శాతం ఉండే కుడి భాగాన్ని తీసి రోగికి అమర్చుతారు. మొదటి కొన్ని వారాలలో దాత శరీరంలో మిగిలిన భాగమూ, రోగికి అమర్చిన భాగమూ రెండూ వేగంగా పెరుగుతాయి. కొద్ది నెలలలో చాలావరకు పూర్తి పరిమాణానికి చేరుకుంటాయి. రోగికి అమర్చే భాగం అతని శరీర బరువులో కనీసం 0.8 శాతం ఉండాలని వైద్యులు సాధారణంగా లెక్కిస్తారు. అనగా 60 కిలోల బరువున్న వ్యక్తికి కనీసం 480 గ్రాముల కాలేయం కావాలి. అంతకన్నా చిన్న ముక్క పెరిగేలోపే పనిభారం తట్టుకోలేక విఫలమయ్యే ప్రమాదం ఉంటుంది.

ఇక్కడ సాధారణంగా ఒక అపోహ ఉంది. బల్లికి తెగిన తోక తిరిగి మొలిచినట్లు, కోసిన కాలేయ భాగం అదే చోట మొలవదు. మిగిలిన భాగమే పరిమాణంలో పెరుగుతుంది. అలాగే తొలగించిన పెద్ద పైత్యరస నాళాలు తిరిగి ఏర్పడవు. అందుకే మార్పిడి శస్త్రచికిత్సలో నాళాలను జాగ్రత్తగా కలిపి కుట్టవలసి ఉంటుంది. సజీవదాత మార్పిడి తరువాత తరచుగా ఎదురయ్యే చిక్కులలో ఈ కుట్టు వద్ద పైత్యరసం కారడం, నాళం ఇరుకు కావడం ముఖ్యమైనవి.

గాయం లేనప్పుడు కూడా కాలేయ కణాలు నిరంతరం మారుతూనే ఉంటాయి. 1950, 1960 దశకాలలో జరిగిన అణుపరీక్షల వలన వాతావరణంలో కార్బన్-14 పెరిగింది. ఆ కార్బన్ కణాల డి.ఎన్.ఏ.లో ఎంత ఉన్నదో కొలిచి కణాల వయసును అంచనా వేయవచ్చు. 2022లో ప్రచురితమైన ఒక పరిశోధన ఈ పద్ధతితో మానవ కాలేయ కణాల సగటు వయసు మూడు సంవత్సరాల లోపేనని తేల్చింది. ఇరవై ఏళ్ళ వ్యక్తిలోనూ, ఎనభై ఏళ్ళ వ్యక్తిలోనూ ఈ సంఖ్యలో పెద్ద తేడా కనిపించలేదు.

మొదటి మార్గం మూసుకుపోయినప్పుడు

హెపటైటిస్-బి, హెపటైటిస్-సి వైరసులు, దీర్ఘకాల మద్యపానం, కాలేయంలో కొవ్వు చేరడం, పైత్యరస నాళాల వ్యాధులు సంవత్సరాల తరబడి కాలేయాన్ని గాయపరుస్తాయి. చనిపోయిన కణాల స్థానాన్ని భర్తీ చేయడానికి మిగిలినవి పదే పదే విభజన చెందవలసి వస్తుంది. ప్రతి విభజనతో క్రోమోజోముల చివరలలో ఉండే టెలోమియర్లు కొంత తగ్గుతాయి. ఒక దశ తరువాత అనేక హెపటోసైట్లు విభజనను శాశ్వతంగా నిలిపివేస్తాయి. దీనిని కణ వార్ధక్యం అంటారు. పి-21 అనే ప్రోటీను అధికం కావడం దీనికి ఒక గుర్తు.

అదే సమయంలో మచ్చను తయారు చేసే కణాలు కాలేయం నిండా కొల్లాజెన్ తంతువులను అల్లుతాయి. ఆ తంతువుల మధ్య మిగిలిన కణాలు గుండ్రని ముడులుగా ఏర్పడతాయి. ఈ స్థితినే సిర్రోసిస్ అంటారు. ముడులలో పునరుత్పత్తి జరుగుతున్నప్పటికీ, రక్తప్రవాహం, పైత్యరస ప్రవాహం పాత మార్గంలో సాగవు. కణాల సంఖ్య పెరిగినంత మాత్రాన కాలేయం పని తిరిగి రాదు.

వైరస్ వలన గాని, కొన్ని మందుల వలన గాని కొద్ది రోజులలోనే అధిక భాగం హెపటోసైట్లు చనిపోయినప్పుడు కూడా మొదటి మార్గం చాలదు. తీవ్రమైన హెపటైటిస్‌లో సగానికి పైగా కణాలు నశించినప్పుడు నాళికల ప్రాంతంలోని కణాలు చురుకుగా మారుతాయని బయాప్సీ పరిశీలనలు తెలుపుతున్నాయి.

నాళిక ప్రతిచర్య

ఆరోగ్యవంతమైన కాలేయపు బయాప్సీలో ప్రతి నిర్వాహక ప్రాంతంలోనూ ఒక సిర కొమ్మ, ఒక ధమని కొమ్మ, ఒకటి రెండు పైత్యరస నాళాలు క్రమపద్ధతిలో కనిపిస్తాయి. వ్యాధిగ్రస్త కాలేయంలో ఈ ప్రాంతపు అంచున సన్నని నాళికలు గుంపులుగా కనిపిస్తాయి. కొన్నింటికి మధ్యలో రంధ్రం ఉంటుంది, కొన్ని కేవలం కణాల వరుసలుగా ఉంటాయి. చుట్టూ వాపుకు సంబంధించిన తెల్ల రక్తకణాలు, మచ్చను తయారు చేసే కణాలు చేరుతాయి. ఈ మొత్తం మార్పే నాళిక ప్రతిచర్య. వ్యాధివిజ్ఞాన శాస్త్రవేత్త హాన్స్ పాపర్, ఆయన సహచరులు 1957లో దీనికి ఈ అర్థం వచ్చే పేరు పెట్టారు. దీనికి సంబంధించిన పదజాలాన్ని 2004లో అంతర్జాతీయ నిపుణుల బృందం స్థిరపరచింది.

నాళిక ప్రతిచర్య ఒకే కారణం వలన రాదు. దీనిని స్థూలంగా మూడు విధాలుగా చూడవచ్చు.

పైత్యరస నాళానికి రాయి గాని, కణితి గాని అడ్డుపడినప్పుడు ఉన్న నాళ కణాలే విభజన చెంది నాళికలను పొడిగిస్తాయి, మెలికలు తిప్పుతాయి. ఇది మొదటి విధం. పైత్యరసం దీర్ఘకాలం నిలిచిపోవడం వంటి పరిస్థితులలో హెపటోసైట్లే క్రమంగా నాళ కణాల లక్షణాలను సంతరించుకోవడం రెండవ విధం. హెపటోసైట్లు భారీగా నశించినప్పుడు హెరింగ్ కాలువ ప్రాంతంలోని ప్రారంభక కణాలు పెరిగి హెపటోసైట్ల దిశగా మారడం మూడవ విధం. ఒకే రోగిలో ఇవి కలిసి కూడా ఉండవచ్చు. కాబట్టి బయాప్సీలో నాళికలు అధికంగా కనిపించినంత మాత్రాన మూలకణాలు కాలేయాన్ని బాగు చేస్తున్నాయని అనుకోరాదు.

ఈ కణాలను గుర్తించడానికి కెరాటిన్-7, కెరాటిన్-19, ఎప్‌క్యామ్, సాక్స్-9 అనే ప్రోటీన్లకు రంగు పట్టించి చూస్తారు. హెపటోసైట్లకు, నాళ కణాలకు మధ్యస్థంగా ఉండే కణాలలో రెండు రకాల గుర్తులూ కలిసి కనిపిస్తాయి.

ప్రారంభక కణం ఏ దిశగా మారుతుందనేది దాని చుట్టూ ఉన్న కణాలపై ఆధారపడి ఉంటుంది. ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు 2012లో ప్రచురించిన పరిశోధన ఎలుకలలో దీనిని వివరించింది. మచ్చను తయారు చేసే కణాల నుండి వచ్చే నాచ్ సంకేతం ప్రారంభక కణాన్ని నాళ కణంగా మారుస్తుంది. మాక్రోఫేజ్ అనే భక్షక కణాలు చనిపోయిన హెపటోసైట్లను మింగిన తరువాత విడుదల చేసే వింట్ సంకేతం దానిని హెపటోసైట్ దిశగా నడిపిస్తుంది. కాలేయంలో మచ్చ అధికంగా ఉంటే కొత్త కణాలు నాళికలుగానే మిగిలిపోవడానికి ఇది ఒక వివరణ.

మూలకణాలా, కాదా?

మూలకణం అనగా తనవంటి కణాలను తయారు చేసుకుంటూనే ఇతర రకాల కణాలను కూడా పుట్టించగల కణం. ఎముక మజ్జలోని రక్త మూలకణాలు జీవితాంతం ఈ పని చేస్తాయి. కాలేయంలో అటువంటి కణాలు ఉన్నాయా అనే ప్రశ్నపై దశాబ్దాలుగా చర్చ సాగుతున్నది.

1956లో ఇమ్మాన్యుయేల్ ఫార్బర్ క్యాన్సరు కారక రసాయనాలు ఇచ్చిన ఎలుకల కాలేయంలో చిన్న అండాకార కణాలను వర్ణించాడు. వీటికి ఓవల్ కణాలు అనే పేరు వచ్చింది. హెపటోసైట్ల విభజనను రసాయనంతో అడ్డుకొని, ఆపై కాలేయంలో కొంత భాగం కోస్తే ఈ కణాలు పెరిగి హెపటోసైట్లుగా మారడం తరువాతి ప్రయోగాలలో కనిపించింది. 1999లో నీల్ థీస్, ఆయన సహచరులు మానవ కాలేయంలో ఇటువంటి కణాల నివాసం హెరింగ్ కాలువలేనని ప్రతిపాదించారు.

తరువాత కణాలకు జన్యుపరమైన గుర్తు వేసి వాటి సంతతిని వెంబడించే పద్ధతి వచ్చింది. దీని వలన కొత్త సందేహాలు తలెత్తాయి. సాధారణ ఎలుకలలో కాలేయాన్ని గాయపరచినప్పుడు కొత్త హెపటోసైట్లు దాదాపు అన్నీ పాత హెపటోసైట్ల నుండే పుట్టినట్లు అనేక ప్రయోగాలు చూపాయి. నాళ కణాల పాత్ర స్వల్పమేనని కొందరు వాదించారు.

2017లో ఎడిన్‌బరో బృందం ఈ వివాదానికి కొంత పరిష్కారం చూపింది. హెపటోసైట్ల విభజన శక్తిని ముందుగా దెబ్బతీసిన ఎలుకలలో మాత్రమే నాళ కణాల నుండి చెప్పుకోదగిన సంఖ్యలో హెపటోసైట్లు పుట్టాయి. 2018లో మరొక బృందం దీర్ఘకాల గాయంలో కూడా ఈ మార్పు జరుగుతుందని చూపింది. దీనిని బట్టి నాళ కణాలను నిత్యం పనిచేసే మూలకణాలుగా కాక, అవసరం వచ్చినప్పుడు మాత్రమే ఆ పాత్ర వహించే కణాలుగా పరిగణిస్తున్నారు. మాను బాగున్నంత కాలం నిద్రాణంగా ఉండి, దానిని నరికినప్పుడు మోడు నుండి చిగురించే మొగ్గలతో వీటిని పోల్చవచ్చు.

మనుషులలో ఇటువంటి ప్రయోగాలు చేయడం సాధ్యం కాదు. కాబట్టి పరోక్ష ఆధారాలపై ఆధారపడాలి. వయసుతో పాటు కణాలలోని మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.లో సహజంగా ఏర్పడే మార్పులు వంశపు గుర్తుల వలె ఉపయోగపడతాయి. 2010లో ప్రచురితమైన ఒక పరిశోధనలో సిర్రోసిస్ ముడిలోని హెపటోసైట్లలోనూ, దానిని ఆనుకొని ఉన్న నాళికలలోనూ ఒకే మార్పు కనిపించింది. రెండూ ఒకే కణం సంతతి అనడానికి ఇది బలమైన ఆధారం. 2024లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలతో కూడిన బృందం కొవ్వు కాలేయ వ్యాధి వివిధ దశలలో తీసిన బయాప్సీలను పరిశీలించింది. వ్యాధి ముదిరిన దశలో రెండు రకాల లక్షణాలూ కలిగిన కణాలు పెరుగుతాయని, హెపటోసైట్ల నుండి నాళ కణాల వైపు మార్పు కూడా జరుగుతున్నదని తెలిపింది. అనగా మార్పు ఒకే దిశలో సాగేది కాదు.

నాళిక ప్రతిచర్య వలన మేలు, కీడు

తీవ్రమైన కాలేయ వైఫల్యంలో నాళికల నుండి పుట్టే కణాలు రోగి కోలుకోవడానికి తోడ్పడవచ్చు. పైత్యరస మార్గానికి అడ్డు ఏర్పడినప్పుడు పెరిగిన నాళికలు రసానికి అదనపు స్థలం కల్పిస్తాయి. మరొక ప్రక్క, నాళిక కణాలు విడుదల చేసే పదార్థాలు వాపును పెంచి, మచ్చను తయారు చేసే కణాలను ప్రేరేపిస్తాయి. హెపటైటిస్-సి లోనూ, కొవ్వు కాలేయ వ్యాధిలోనూ నాళిక ప్రతిచర్య ఎంత ఎక్కువగా ఉంటే మచ్చ అంత ముదిరి ఉన్నట్లు గమనించారు. కెరాటిన్-19 వంటి ప్రారంభక కణ గుర్తులు కలిగిన కాలేయ క్యాన్సర్లు మిగిలినవాటి కన్నా మొండిగా ఉంటాయి.

గాయానికి మూలకారణం తొలగిపోతే ఈ ప్రతిచర్య కూడా తగ్గుముఖం పడుతుంది. హెపటైటిస్-సి వైరసును మందులతో నిర్మూలించిన తరువాత చాలామంది రోగులలో మచ్చ క్రమంగా తగ్గుతుంది. హైదరాబాదు కేంద్రంగా ఉన్న నాట్కో, హెటెరో సంస్థలు 2015లో సోఫోస్‌బువిర్ జెనెరిక్ మందును విడుదల చేయడంతో ఈ చికిత్స భారతదేశంలో చవకగా లభించసాగింది.

హైదరాబాదులో మూలకణ పరిశోధనలు

కాలేయ కణాలను రోగి శరీరంలో ప్రవేశపెట్టే ప్రయోగాలలో హైదరాబాదుకు చెప్పుకోదగిన స్థానం ఉంది. జీర్ణకోశ వ్యాధి నిపుణుడు సి.ఎం. హబీబుల్లా, ఆయన సహచరులు 1994లో ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. తీవ్ర కాలేయ వైఫల్యంలో ఉన్న రోగుల ఉదరకుహరంలోకి పిండ కాలేయ కణాలను ఎక్కించిన ఫలితాలను అందులో వివరించారు.

తరువాత దక్కన్ వైద్య కళాశాలలోని కాలేయ పరిశోధన కేంద్రంలో ఈ కృషి కొనసాగింది. పిండ కాలేయం నుండి ఎప్‌క్యామ్ గుర్తు కలిగిన ప్రారంభక కణాలను వేరు చేసి, కాలేయ ధమని ద్వారా రోగి కాలేయంలోకి పంపే పద్ధతిని అక్కడ అనుసరించారు. సిర్రోసిస్ ముదిరిన 25 మంది రోగులకు ఈ విధంగా కణాలను ఎక్కించిన ఫలితాలు 2010లో ప్రచురితమయ్యాయి. ఆరు నెలల తరువాత వారి కాలేయ పరీక్షలలో మెరుగుదల కనిపించినట్లు అందులో తెలిపారు. పైత్యరస నాళాలు మూసుకుపోయి పుట్టిన శిశువులో కూడా ఈ పద్ధతిని ప్రయత్నించారు. రోగుల సంఖ్య, పర్యవేక్షణ కాలం తక్కువ కావడం వలన ఈ ఫలితాలు ప్రామాణిక చికిత్సకు ఆధారం కాలేదు.

పెద్ద ఎత్తున జరిగిన పరీక్షలు ఆశలను కొంత తగ్గించాయి. బ్రిటన్‌లో 81 మంది సిర్రోసిస్ రోగులపై జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2018లో వెలువడ్డాయి. రోగి స్వంత ఎముక మజ్జ మూలకణాలను రక్తంలోకి రప్పించి, సేకరించి, తిరిగి ఎక్కించినప్పటికీ కాలేయం పనితీరు మెరుగుపడలేదు.

అదే హైదరాబాదులో మూలకణాలు విజయవంతమైన మరొక రంగం ఉంది. ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2001 నుండి కంటి నల్లగుడ్డు అంచున ఉండే లింబల్ మూలకణాలను పెంచి, రసాయనాలు పడి దెబ్బతిన్న కళ్ళకు అమర్చుతున్నది. కంటి పైపొర పలుచనిది, దాని మూలకణాల నివాసం స్పష్టంగా తెలిసినది, ఫలితం కంటికి కనిపించేది. కాలేయం అటువంటిది కాదు. కొత్త కణం రక్తప్రవాహానికి, పైత్యరస కాలువకు రెండింటికీ సరిగ్గా అనుసంధానం కావాలి. మచ్చతో నిండిన కాలేయంలో అందుకు తగిన చోటు ఉండదు. మూలకణాలు అనే ఒకే మాటతో రెండింటినీ కలిపి చూడడం వలన అపోహలు ఏర్పడుతున్నాయి.

భారత వైద్య పరిశోధన మండలి, కేంద్ర బయోటెక్నాలజీ శాఖ కలిసి 2007లో మూలకణ పరిశోధన, చికిత్సలకు మార్గదర్శకాలను వెలువరించాయి. 2013లో వాటిని సవరించినప్పుడు శీర్షికలో నుండి చికిత్స అనే మాటను ఉద్దేశపూర్వకంగా తొలగించాయి. రుజువైన కొన్ని చికిత్సలు మినహా మిగిలినవన్నీ పరిశోధన దశలోనే ఉన్నాయని స్పష్టం చేయడం ఇందులోని ఉద్దేశం. 2017 నాటి మార్గదర్శకాలు కూడా ఇదే వైఖరిని కొనసాగించాయి. ఆమోదం పొందిన పరీక్షలో భాగంగా కాకుండా, డబ్బు తీసుకొని కాలేయ వ్యాధికి మూలకణాలు ఎక్కించడం ఈ మార్గదర్శకాలకు విరుద్ధం.

కామెర్లు, పసరు మందు

పల్నాడు జిల్లాలోని నరసరావుపేట, మాచెర్ల, గురజాల పరిసర పల్లెలతో సహా తెలుగు ప్రాంతంలో అనేక చోట్ల పచ్చకామెర్లకు పసరు మందు తీసుకొనే అలవాటు ఉంది. నేల ఉసిరి వంటి మొక్కల ఆకుపసరు తాగించి, నూనె, కారం లేని పథ్యం పెట్టిస్తారు. చాలామందిలో కొద్ది వారాలకు కామెర్లు తగ్గుతాయి. దీనికి కాలేయ పునరుత్పత్తే ప్రధాన కారణం. కలుషితమైన నీటి ద్వారా వ్యాపించే హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ వైరసులను చాలామందిలో శరీరం తనంతట తానే తొలగిస్తుంది. నశించిన కణాల స్థానాన్ని మిగిలిన హెపటోసైట్లు విభజన చెంది భర్తీ చేస్తాయి. మందు తీసుకోనివారు కూడా ఇలాగే కోలుకుంటారు. అయితే గర్భిణులలో హెపటైటిస్-ఇ ప్రాణాంతకం కావచ్చు కాబట్టి వారికి వెంటనే ఆసుపత్రి చికిత్స అవసరం.

నేల ఉసిరి హెపటైటిస్-బి వైరసును తొలగిస్తుందని మద్రాసులో జరిగిన ఒక అధ్యయనం 1988లో తెలిపింది. తరువాత ఇతర చోట్ల జరిగిన పరీక్షలలో ఆ ఫలితం రుజువు కాలేదు.

పసరు మందుతో వచ్చే అసలు ప్రమాదం కాలయాపన. పైత్యరస నాళానికి రాయి గాని, క్యాన్సరు కణితి గాని అడ్డుపడి వచ్చిన కామెర్లకు కాలేయ కణాల పునరుత్పత్తి పరిష్కారం కాదు. అడ్డు తొలగే వరకు నాళికలు పెరుగుతాయి, మచ్చ కూడా పెరుగుతుంది. మలం తెల్లగా సున్నం రంగులో ఉండడం, మూత్రం ముదురు రంగులో రావడం, ఒళ్ళంతా దురద పెట్టడం ఇటువంటి కామెర్లకు సూచనలు.

పసిపిల్లలలో ఈ కాలయాపన మరింత ప్రమాదకరం. పైత్యరస నాళాలు మూసుకుపోయే బిలియరీ అట్రీసియా అనే వ్యాధి పుట్టిన కొద్ది వారాలలోనే బయటపడుతుంది. బయాప్సీలో విస్తృతమైన నాళిక ప్రతిచర్య దీని ముఖ్య లక్షణాలలో ఒకటి. జపాను వైద్యుడు మోరియో కసాయ్ 1950లలో రూపొందించిన శస్త్రచికిత్సలో కాలేయం ద్వారానికే నేరుగా ప్రేగును కలిపి పైత్యరసానికి దారి ఏర్పరుస్తారు. ఇది శిశువుకు 60 రోజులు నిండకముందు చేసినప్పుడు మెరుగైన ఫలితాలు వస్తాయి. ఆలస్యమైన కొద్దీ మచ్చ ముదిరి, మార్పిడి తప్ప వేరే మార్గం ఉండదు. మాచెర్ల నుండి గుంటూరు వంద కిలోమీటర్లకు పైగా దూరం. శిశువును పసరు మందుకు తిప్పుతూ గడిపే ప్రతి వారమూ ఈ 60 రోజులలో నుండే పోతుంది. పుట్టిన 14 రోజుల తరువాత కూడా శిశువుకు పసుపుదనం తగ్గకపోయినా, మలం తెల్లగా ఉన్నా వెంటనే రక్తపరీక్ష చేయించాలి.

నివారణ, చికిత్స

సిర్రోసిస్‌కు దారితీసే కారణాలలో హెపటైటిస్-బికి టీకా ఉంది. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ వరప్రసాదరెడ్డి నాయకత్వంలో 1997లో భారతదేశపు మొదటి స్వదేశీ రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాను విడుదల చేసింది. అంతవరకు సామాన్యులకు అందని ధరలో ఉన్న టీకా దీనితో చవకైనది. సార్వత్రిక టీకాల కార్యక్రమంలో దీనిని 2002-03లో ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టి, 2011 నాటికి దేశమంతటికీ విస్తరించారు. పుట్టిన 24 గంటలలోపు ఇచ్చే మొదటి మోతాదు తల్లి నుండి శిశువుకు వ్యాధి సోకకుండా చూడడంలో కీలకం.

ముదిరిన సిర్రోసిస్‌కు రుజువైన శాశ్వత చికిత్స కాలేయ మార్పిడి మాత్రమే. 1994లో అవయవ మార్పిడి చట్టం వచ్చిన తరువాత, 1998లో ఢిల్లీలో భారతదేశపు మొదటి విజయవంతమైన శిశు కాలేయ మార్పిడి జరిగింది. ఆ శిశువుకు ఉన్న వ్యాధి బిలియరీ అట్రీసియాయే. తండ్రి తన కాలేయంలో కొంత భాగాన్ని దానం చేశాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మరణానంతర అవయవదానం కోసం జీవన్‌దాన్ పథకం 2013లో అమలులోకి వచ్చింది.

పరిశోధనలు మరొక దిశలో ముందుకు సాగుతున్నాయి. 2021లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు పిత్తాశయం నుండి తీసిన నాళ కణాలను ప్రయోగశాలలో చిన్న గుంపులుగా పెంచారు. మార్పిడికి పనికిరావని ప్రక్కన పెట్టిన మానవ కాలేయాలను యంత్రంపై సజీవంగా ఉంచి, వాటి నాళాలలోకి ఈ కణాలను పంపారు. అవి అక్కడ స్థిరపడి దెబ్బతిన్న నాళాలను బాగు చేశాయి. ఈ పద్ధతి రోగులకు అందితే, వృథాగా పోయే కాలేయాలలో కొన్నింటిని మార్పిడికి ఉపయోగించవచ్చు.

ఇవి కూడా చూడండి

కాలేయం
పైత్యరసం
పచ్చకామెర్లు
సిర్రోసిస్
మూలకణాలు
అవయవ దానం